ముందు మూసిన ముక్క: సాలిటైర్ గెలిచే దారి



పేకాట అనగానే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. నలుగురు చేరతారు, పందెం కాస్తారు, జేబు ఖాళీ అవుతుంది, మాటా మాటా పెరుగుతుంది. ఈ పూట చెప్పుకోబోయే పేకాటలో ఆ గొడవలేవీ లేవు. పందెం లేదు. అసలు ఎదుటి మనిషే లేడు. ఒక పేక కట్ట, ఒక మనిషి, కాస్త జాగా. దాని పేరు సాలిటైర్. కంప్యూటర్ మీదో, ఫోన్‌లోనో ఈ ఆటను ఒక్కసారైనా ఆడినవాళ్లు కోకొల్లలు. వాళ్లలో తరచుగా గెలిచేవాళ్లు మాత్రం కొద్దిమందే.

ఓడిపోయినవాళ్లను అడిగి చూడండి. ‘ముక్కలు పడలేదండీ’ అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ పడిన ముక్కల్ని చేతులారా పాడుచేసుకున్న ఆటలు అంతకన్నా ఎక్కువ. అలా పాడుచేసుకోకుండా ఉండాలంటే ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. ఆ సూత్రం ఇది. ఏ ముక్క కదిపినా, దాని వల్ల మూసి ఉన్న ముక్క ఒకటి తెరుచుకోవాలి. మళ్లీ వినండి. మూసి ఉన్న ముక్క తెరుచుకోవాలి. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

సాలిటైర్‌లో రకాలు చాలా ఉన్నాయి. అందరికీ బాగా తెలిసినది క్లాండైక్ అనే రకం. ఇక్కడ చెప్పేది దాని గురించే.

దగ్గర్లో పేక కట్ట ఉంటే తెచ్చుకోండి. జోకర్లు తీసేయండి. 52 ముక్కలు ఉండాలి. బాగా కలపండి. బాగా అంటే ఎంత? కట్టను రెండు భాగాలు చేసి, బొటనవేళ్లతో గరగరమంటూ ఒకదాంట్లోకి ఒకటి దించే పద్ధతి ఉంది కదా. అలా కలిపితే సుమారు 7 సార్లు కావాలని డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ అనే గణిత శాస్త్రజ్ఞులు 1992లో లెక్క తేల్చారు. ఆ డయాకోనిస్ గణితంలోకి రాకముందు పేక ముక్కలతో గారడీ చేసినాయన. రెండు మూడు సార్లు కలిపి వదిలేస్తే, కిందటి ఆటలోని వరుసలు ఇంకా కట్టలో మిగిలే ఉంటాయి.

ఇక పరవడం. ఎడమ నుంచి కుడికి 7 కుప్పలు వెయ్యాలి. మొదటి కుప్పలో ఒక ముక్క. రెండో కుప్పలో రెండు. మూడో దాంట్లో మూడు. అలా ఏడో కుప్పలో ఏడు. ప్రతి కుప్పలోనూ పైనున్న ముక్క ఒక్కటే తెరిచి ఉంచాలి. దాని కింద ఉన్నవన్నీ బోర్లా ఉండాలి. మొత్తం 28 ముక్కలు పరిచారు. అందులో 7 తెరిచి ఉన్నాయి. 21 మూసి ఉన్నాయి. చేతిలో ఇంకా 24 ముక్కల కట్ట మిగిలింది. వీటిలో ఒక్క అంకె మనసులో పెట్టుకోండి. 21. మూసి ఉన్న ముక్కలు 21.

కుప్పల్లో ముక్కల్ని దిగే వరుసలో పేర్చాలి. రంగు మారుతూ ఉండాలి. ఆఠీను, డైమన్ ఎరుపు. ఇస్పేటు, కళావరు నలుపు. ఎరుపు తొమ్మిది మీద నలుపు ఎనిమిది వస్తుంది. నలుపు ఎనిమిది మీద ఎరుపు ఏడు వస్తుంది. ఇలా పేర్చిన వరుసను మొత్తంగా ఎత్తి ఇంకో కుప్ప మీదికి మార్చవచ్చు. ఒక కుప్ప పూర్తిగా ఖాళీ అయితే ఆ చోట రాజు మాత్రమే కూర్చోవాలి. కుప్పలకు పైన నాలుగు గళ్లు ఉంటాయి. ఆసు కనబడగానే అక్కడ పెట్టాలి. ఆసు మీద అదే గుర్తు రెండు, ఆపైన మూడు, అలా రాజు దాకా. నాలుగు గుర్తులూ రాజు దాకా చేరితే ఆట గెలిచినట్టు.

ఇప్పుడు ఒక ఆటను దగ్గరగా చూద్దాం. నెమ్మదిగా వినండి. వీలైతే ముక్కలు ముందు పెట్టుకుని చూడండి.

రెండో కుప్ప మీద ఇస్పేటు ఎనిమిది ఉంది. దాని కింద మూసిన ముక్క ఒకటే. ఏడో కుప్ప మీద కళావరు ఎనిమిది ఉంది. దాని కింద మూసిన ముక్కలు ఆరు. మూడో కుప్ప మీద డైమన్ తొమ్మిది ఉంది. అంటే నలుపు ఎనిమిదులు రెండున్నాయి. అవి కూర్చోగల ఎరుపు తొమ్మిది ఒక్కటే ఉంది. దేన్ని కదపాలి?

చాలామంది చెయ్యి రెండో కుప్ప మీదికే పోతుంది. ఇంకొక్క ముక్క తీస్తే ఆ కుప్ప ఖాళీ అవుతుందన్న ఆశ. అక్కడే ఆగి సూత్రం గుర్తు చేసుకోవాలి. ఒక ముక్క మూసిన కుప్ప ముఖ్యమా, ఆరు ముక్కలు మూసిన కుప్ప ముఖ్యమా? ఆరున్నదే. కాబట్టి ఏడో కుప్పలోని కళావరు ఎనిమిదిని ఎత్తి తొమ్మిది మీద పెట్టండి. కింద ముక్క తెరవండి. ఇస్పేటు పది వచ్చిందనుకుందాం. ఆరో కుప్ప మీద డైమన్ జాకీ ఉంది. నలుపు పది ఎరుపు జాకీ మీదికి పోతుంది. ఏడో కుప్పలో ఇంకో ముక్క తెరుచుకుంటుంది. ఇటు మూడో కుప్పలో తొమ్మిది, ఎనిమిది జంటగా ఉన్నాయి కదా. ఆ జంటను ఎత్తి ఇప్పుడే కదిలిన పది మీద పెట్టండి. మూడో కుప్పలోనూ ఒక ముక్క తెరుచుకుంది. మూడు కదలికల్లో మూడు ముక్కలు తెరిచారు. 21 కాస్తా 18 అయింది.

అదే మొదట్లో ఇస్పేటు ఎనిమిదిని కదిపి ఉంటే? తొమ్మిది మీద చోటు నిండిపోయేది. కళావరు ఎనిమిది కూర్చోవడానికి ఇంకో ఎరుపు తొమ్మిది దొరకాలి. అది ఎక్కడుందో తెలియదు. ఆ పది దాని కిందే ఉండిపోయేది. ప్రతి ఆటలోనూ ముక్కలు ఇంత కలిసి రావు. నిజమే. అయినా ఆరు మూసి ఉన్న చోట అవకాశాలు ఎక్కువ. అందుకే రెండు దారులు కనబడినప్పుడు, ఎక్కువ ముక్కలు మూసి ఉన్న కుప్పనే ముందు విప్పాలి.

ఈ సూత్రానికి అడ్డొచ్చే మొదటి శత్రువు తొందర. పై గళ్లలోకి ముక్కలు పంపాలన్న తొందర. ఆసు వచ్చింది, పంపారు. రెండు వచ్చింది, పంపారు. ఇంతవరకూ తప్పు లేదు. రెండు మీద కూర్చోవాల్సింది ఆసే కదా. ఆసుకు పైన సొంత చోటుంది. కాబట్టి ఆసునూ, రెండునూ ఎప్పుడు పంపినా నష్టం లేదు. మూడు నుంచి ఆలోచించాలి.

ఆఠీను ఐదు పైకి పోవడానికి సిద్ధంగా ఉందనుకోండి. పంపేశారు. మరుక్షణం ఇంకో కుప్పలో ఇస్పేటు నాలుగు తేలింది. దాని కింద మూసిన ముక్కలు నాలుగున్నాయి. ఆ నాలుగును కదపాలంటే ఎరుపు ఐదు కావాలి. ఉన్న ఐదును పైకి పంపేశారు. ఇప్పుడేం చేస్తారు? పై గడిలోంచి ముక్కను మళ్లీ కిందికి తెచ్చుకోనిచ్చే పద్ధతిలో ఆడుతుంటే తెచ్చుకోవచ్చు. దాని మీద ఆరు కూడా వేసేసి ఉంటే ఆ పనీ కష్టమే.

దీనికి ఒక సులువైన కొలత ఉంది. ఎరుపు ఐదు మీద కూర్చోగలిగినవి రెండే ముక్కలు. ఇస్పేటు నాలుగు, కళావరు నాలుగు. ఆ రెండూ అప్పటికే పైకి చేరిపోతే, ఎరుపు ఐదుతో కింద పని లేదు. నిశ్చింతగా పంపవచ్చు. చేరకపోతే కాస్త ఆగండి. అయితే దాన్ని పంపితే మూసిన ముక్క తెరుచుకుంటుందా? అప్పుడు పంపండి. మళ్లీ అదే సూత్రం.

ఈ తొందరకు కంప్యూటర్ కూడా కొంత కారణమే. మైక్రోసాఫ్ట్ వారి సాలిటైర్ 1990లో విండోస్ 3.0తో పాటు కంప్యూటర్లలోకి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు మైక్రోసాఫ్ట్‌లో శిక్షణలో ఉన్న వెస్ చెరీ అనే కుర్రాడు దాన్ని రాశాడు. ముక్కల బొమ్మలు గీసింది సూసన్ కేర్ అనే చిత్రకారిణి. మౌస్ బటన్ నొక్కిపట్టి, వస్తువును లాక్కుపోయి, ఇంకో చోట వదలడం అప్పటి జనానికి కొత్త. ఆ లాగడం, వదలడం ఈ ఆటతో తేలిగ్గా అలవాటైంది. మన ఊళ్లలో కంప్యూటర్ సెంటర్లు వెలిసిన రోజుల్లో ఎంతోమందికి మౌస్ మీద చెయ్యి కుదిరింది సాలిటైర్‌తోనే. 2019లో అమెరికాలో ప్రపంచ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో దీనికి చోటు దొరికింది. అంత పేరు తెచ్చుకున్న ఆటను రాసిన చెరీకి మాత్రం రాయల్టీ కింద పైసా అందలేదు.

ఆ కంప్యూటర్ ఆటలో మార్కులున్నాయి. మూసిన ముక్క తెరిస్తే 5 మార్కులు. పై గడిలోకి ముక్క పంపితే 10. పై గడిలోంచి కిందికి దించితే 15 కోత. చూశారా? గెలుపుకు కావలసిన అసలు పనికి 5, అందరూ తొందరపడే పనికి దానికి రెట్టింపు. మార్కుల వెంట పడినవాళ్లు ముక్కల్ని పైకి తోసేస్తారు. మధ్యలో ఆట బిగుసుకుంటుంది. మార్కుల వైపు చూడకండి. 21 ఎంతకు తగ్గిందో అది చూడండి.

రెండో శత్రువు ఖాళీ చోటు మీద మోజు. సామాను నిండిన స్టోరు గదిని తలుచుకోండి. అట్టడుగున ఉన్న పెట్టె తీయాలి. మీదున్నవి దించాలంటే పక్కన కాస్త నేల ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ నేల ఎంతో విలువైనది. అందులో సందేహం లేదు. కానీ ఈ ఆటలో ఆ నేల మీద రాజు తప్ప ఇంకెవరూ కాలు పెట్టకూడదు. చేతికందే రాజు లేనప్పుడు కుప్ప ఖాళీ చేస్తే, ఆ చోటు ఉన్నా లేనట్టే. పైగా 7 కుప్పల్లో ఆడాల్సిన ఆటను 6 కుప్పల్లో ఆడాల్సి వస్తుంది. కాబట్టి కుప్ప ఖాళీ చేసే ముందు రాజు ఎక్కడున్నాడో చూసుకోండి. ఏదో కుప్పలో మూసిన ముక్కల మీద తెరిచి ఉన్నాడా? అయితే వెంటనే ఖాళీ చేసి అక్కడికి మార్చండి. రాజు కదిలితే కింద ముక్క తెరుచుకుంటుంది. సూత్రం నెరవేరింది.

ఇద్దరు రాజులు సిద్ధంగా ఉంటే? ఒకరు ఎరుపు, ఒకరు నలుపు. అప్పుడు రాణుల వైపు చూడండి. పెద్ద కుప్ప మీద ఎరుపు రాణి కూర్చుని ఉంటే నలుపు రాజును దించండి. ఆ రాణి వెంటనే కదులుతుంది. ఆమె కింద ఇంకో ముక్క తెరుచుకుంటుంది. రాణి ఒక్కటే కాదు, ఆ తర్వాత రావాల్సిన జాకీ ఏ రంగుదో, అది కనబడుతోందో లేదో కూడా చూస్తే ఇంకా మేలు.

ఇక చేతిలోని 24 ముక్కల కట్ట. ఒక్కొక్కటిగా తీసి ఆడే పద్ధతి ఉంది. మూడేసి చొప్పున తీసే పద్ధతి ఉంది. ఒక్కొక్కటిగా అయితే తేలిక. కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టడం మంచిది. మూడేసి తీసేటప్పుడు పైన ఉన్న ఒక్క ముక్కే ఆడటానికి వీలవుతుంది. అంటే ఒక చుట్టులో కనబడేవి 8 ముక్కలే. మిగతా 16 వాటి వెనక దాగి ఉంటాయి.

ఇక్కడ అనుభవజ్ఞులు చేసే పని ఒకటుంది. మొదటి చుట్టు ఊరికే చూస్తారు. ఏమీ ఆడరు. ఆసులెక్కడున్నాయి, రాజులెక్కడున్నారు, కావలసిన ముక్క ఎన్నో తడవలో వస్తోంది అని గుర్తుపెట్టుకుంటారు. ఎందుకంటే కట్టలోంచి ఒక ముక్క తీస్తే, తర్వాతి చుట్టులో దాని వెనకున్న ముక్కలన్నీ ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి. అంతకు ముందు కనబడినవి దాక్కుంటాయి. దాక్కున్నవి కనబడతాయి. కట్ట మొదట్లో తీస్తే ఆ మార్పు దాదాపు కట్టంతా పాకుతుంది. చివర్లో తీస్తే ముందున్న వరుస చెక్కుచెదరదు. మొదటి తడవలోని మూడు ముక్కలూ వాడేశారనుకోండి. తర్వాత వచ్చేవి మళ్లీ పాత వరుసలోనే వస్తాయి. ఈ జరుగుడు పట్టుబడితే కట్టలో దాగిన ముక్కను బయటికి రప్పించడం మీ చేతిలో పనే.

కట్టలోంచి ముక్క ఆడొచ్చు, కుప్పలోంచీ ఆడొచ్చు. రెండూ ఒకే చోట సరిపోతాయి. అప్పుడేది? కుప్పలోదే. కట్టలోది ఎక్కడికీ పోదు, మళ్లీ తిరిగి వస్తుంది. కుప్పలోది కదిలితే మూసిన ముక్క తెరుచుకుంటుంది.

సరే, ఇవన్నీ పాటిస్తే ప్రతి ఆటా గెలుస్తారా? గెలవరు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చార్లీ బ్లేక్, ఇయన్ గెంట్ ఈ సంగతిని కంప్యూటర్‌తో తేల్చారు. మూడేసి ముక్కలు తీసే పద్ధతిలో, మూసిన ముక్కలు కూడా ముందే తెలుసుననుకుంటే, నూటికి దాదాపు 82 ఆటలు గెలవదగ్గవే. తక్కిన 18 ఎవరు ఆడినా గెలిచేవి కావు. ఆ 18 ఆటల విషయంలో ‘ముక్కలు పడలేదు’ అన్న మాట అక్షరాలా నిజం.

మనుషులు ఆ 82కి ఎంత దగ్గరగా వస్తారు? అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీకి అధ్యక్షుడిగా పనిచేసిన ఒక గణిత పండితుడు ముక్కలన్నీ కనబడేలా పరుచుకుని 2000 ఆటలు ఆడాడు. ఒక్కో ఆటకు సుమారు 20 నిమిషాలు తీసుకున్నాడు. అన్నిటికీ లెక్క రాసుకున్నాడు. గెలిచింది నూటికి 37కు కాస్త తక్కువ. ముందు చెప్పుకున్న డయాకోనిస్, ఆయన సహచరులు ఈ లెక్కను తమ పరిశోధన పత్రంలో ఉదహరించారు. అంతటి పండితుడే, ముక్కలన్నీ చూస్తూ, సగం కూడా గెలవలేదు. కాబట్టి నాలుగు ఆటలు ఓడితే బెంగ పడనక్కర్లేదు.

పేకలో అదృష్టమెంత, నైపుణ్యమెంత అనే ప్రశ్న మన కోర్టుల దాకా కూడా వెళ్లింది. 1960ల్లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టుకు చేరింది. మూడు ముక్కలాటలో ఉన్నది అదృష్టమే అని, రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యం అని కోర్టు చెప్పింది. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి అన్నది అందులోని తర్కం. సాలిటైర్ ఆ కేసులో లేదు. కానీ ఆ గుర్తుపెట్టుకోవడం, ఆ తేల్చుకోవడం ఇక్కడా ఉన్నాయి.

నైపుణ్యం పెరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం. దాని వెనక ఒక కథ ఉంది. 1946లో స్టనిస్లావ్ ఉలమ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు జబ్బు చేసి కోలుకుంటున్నాడు. పొద్దుపోక సాలిటైర్ ఆడేవాడు. అది కాన్‌ఫీల్డ్ అనే ఇంకో రకం. ఈ ఆట గెలిచే అవకాశం ఎంత అని ఆలోచన వచ్చింది. లెక్క కట్టబోయాడు. కుదరలేదు. లెక్క కట్టే బదులు నూరు ఆటలు పరిచి, ఎన్ని గెలిచామో చూసుకుంటే పోలేదా అనిపించింది. ఆ ఆలోచనే అణు పరిశోధనలో న్యూట్రాన్ల నడక లెక్కకట్టడానికి పనికొచ్చింది. జాన్ ఫాన్ నాయ్‌మన్ అనే ఇంకో గణిత శాస్త్రజ్ఞుడితో కలిసి ఉలమ్ దాన్ని పెంపొందించాడు. మాంటీ కార్లో పద్ధతి అని దానికి పేరొచ్చింది. ఇవాళ ఎన్నో శాస్త్రాల్లో వాడుతున్నారు.

ఆ నూరు ఆటల ఆలోచనను మీరూ చిన్నగా వాడుకోవచ్చు. ఈ వారం రోజుకు రెండు ఆటలు ఆడండి. ఒక్కొక్క ముక్క తీసే పద్ధతిలోనే ఆడండి. ఆట బిగుసుకుని ఆగిపోగానే ముక్కలు కలిపేయకండి. కుప్పల్లో ఇంకా మూసి ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. ఆ అంకెను గోడ క్యాలెండరు మీద ఆ రోజు గడిలో రాయండి. గెలిస్తే సున్నా వెయ్యండి. 14 అంకెలు పోగవుతాయి. గెలుపు, ఓటమి అని రాసుకుంటే 14 ఆటల్లో పెద్దగా ఏమీ తెలియదు. మిగిలిన ముక్కల లెక్క అయితే చాలా చెబుతుంది. పన్నెండు, పదకొండు దగ్గర ఆగుతున్న ఆట ఐదుకూ నాలుగుకూ దిగుతోందంటే మీ చెయ్యి కుదురుతున్నట్టే. ఎప్పుడూ ఏడో కుప్పలోనే ముక్కలు మిగిలిపోతుంటే, పెద్ద కుప్పను ఆలస్యంగా విప్పుతున్నారని అర్థం. వచ్చే వారం ఏడో కుప్పతోనే మొదలుపెట్టి చూడండి. ఆ తర్వాత మూడేసి తీసే పద్ధతికి మారవచ్చు.